శంషాబాద్‌లో దిగాక సిటీలోకి ఎలా వెళ్లాలి: ముందు ఏ వైపో తేల్చుకోండి, తర్వాత బండి సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమ్మగారు, నాన్నగారు అమెరికాలో మీ దగ్గర కొన్ని నెలలు ఉండి తిరిగి వెళ్తున్నారు. ఇద్దరే వస్తున్నారు, నాలుగు పెద్ద పెట్టెలు, ఫ్లైట్ తెల్లవారుజామున 2.40కి శంషాబాద్‌లో దిగుతుంది. కూకట్‌పల్లిలో మీ చెల్లెలి ఇంటికి వెళ్లాలి, ఆవిడకి చంటిబిడ్డ ఉంది కాబట్టి ఎదురు రాలేదు. రెండు రోజులాగి విజయవాడ వెళ్తారు. "ఎయిర్‌పోర్ట్ నుంచి సిటీ సెంటర్‌కి మెట్రో ఉందా, లేకపోతే బస్సా, క్యాబా, ఏది మంచిది?" అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఎయిర్‌పోర్ట్ ట్రావెల్స్ పనిలోనే ఉన్నాను, మొదట్లో స్టీరింగ్ పట్టుకుని, ఇప్పుడు బుకింగులు చూసుకుంటూ. అందుకని కొంచెం వివరంగానే రాస్తాను, ఇదే ప్రశ్నతో వచ్చే మిగతావాళ్లకీ పనికొస్తుంది.

మెట్రో సంగతి ముందు చెప్పేస్తాను. ఎయిర్‌పోర్ట్ దాకా మెట్రో లేదు. 2022 డిసెంబర్‌లో రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్ట్‌కి అని శంకుస్థాపన జరిగింది, తర్వాత ప్రభుత్వం మారాక ఆ దారి పక్కన పెట్టి నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా కొత్త అలైన్‌మెంట్ తెచ్చారు. పేపర్లో వార్త చూసి మెట్రో వచ్చేసిందనుకుని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సిటీ లోకల్ రైలు ఎంఎంటీఎస్ కూడా అంతే, ఫలక్‌నుమా దాటి ఉందానగర్ దాకా వెళ్తుంది, మ్యాప్‌లో ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ స్టేషన్ నుంచి టెర్మినల్‌కి మళ్లీ ఆటోనో క్యాబో కావాలి, రైళ్లు కూడా తక్కువ. పెట్టెలతో దిగిన మనిషికి ఆ ఆలోచనే వద్దు.

ఇక అసలు విషయం. "సిటీ సెంటర్‌కి ఎలా" అని అడిగితే హైదరాబాద్‌లో సమాధానం దొరకదు. ఒకరికి సెంటర్ అంటే కోఠి, అబిడ్స్, ఇంకొకరికి అమీర్‌పేట, ఇవాళ ఉద్యోగాలు చేసే పిల్లలకి గచ్చిబౌలి, హైటెక్ సిటీ. ఎయిర్‌పోర్ట్ ఊరికి దక్షిణాన, బయట ఉంది. అక్కడి నుంచి దారులు మూడు వైపులా విడిపోతాయి, మీరు వెళ్లాల్సిన చోటు ఏ దారిలో ఉందో దాన్నిబట్టే ఖర్చు, సమయం, బండి అన్నీ మారిపోతాయి. కాబట్టి బస్సా క్యాబా అనేది రెండో ప్రశ్న. ఏ వైపు, ఏ వేళ, ఎంత సామాను, ఈ మూడూ తేలితే బండి దానంతట అదే తేలుతుంది. ఇది టెర్మినల్ బయటికి రాకముందే తేల్చుకోవాలి. బయట "సార్ ట్యాక్సీ, సార్ ట్యాక్సీ" అని వెంటపడేవాళ్లు ట్రాలీ ఆపి అటూ ఇటూ దిక్కులు చూసేవాళ్లనే పట్టుకుంటారు, నేరుగా నడిచి వెళ్లేవాళ్ల జోలికి రారు.

మొదటి దారి బెంగళూరు హైవే మీదుగా ఆరాంఘర్ వచ్చి, అక్కడ పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహదీపట్నంలో దిగేది. 11.6 కిలోమీటర్ల ఫ్లైఓవర్, 2009లో తెరిచారు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కి మారినప్పుడు ఈ ఫ్లైఓవర్ ఇంకా పూర్తి కాలేదు, కింద అత్తాపూర్ రోడ్డు మీద లారీల మధ్యలో ఫ్లైట్ టైమ్ చూసుకుంటూ పోయిన రోజులు నాకు బాగా గుర్తు. బంజారాహిల్స్, పంజాగుట్ట, అమీర్‌పేట, నాంపల్లి, బేగంపేట, సికింద్రాబాద్, ఇవన్నీ మామూలుగా ఈ దారే. పగలు ఎక్స్‌ప్రెస్‌వే మీద పావుగంటలో వచ్చేస్తారు, దిగాక మెహదీపట్నం, మాసబ్‌ట్యాంక్, లక్డీకాపూల్ దగ్గర ఇరుక్కుంటారు. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది మధ్య దిగేవాళ్లు సికింద్రాబాద్‌కి గంటన్నర వేసుకోవాలి, వానపడితే ఇంకా ఎక్కువ. అత్తాపూర్, ఉప్పర్‌పల్లి, హైదర్‌గూడ వాళ్లకి ఒక మాట: అక్కడ అడ్రస్సులన్నీ ఫ్లైఓవర్ పిల్లర్ నంబర్ల మీదే నడుస్తాయి. మీ ఇంటి దగ్గర పిల్లర్ నంబర్ ఎంతో ఆరాంఘర్ రాకముందే డ్రైవర్‌కి చెప్పండి, ఎందుకంటే పైకి ఎక్కేశాక సరైన ర్యాంప్ దాటిపోతే మెహదీపట్నం దాకా వెళ్లి వెనక్కి రావాల్సిందే.

పాతబస్తీ, చార్మినార్, జూపార్క్ వైపు అయితే ఆరాంఘర్ దాకా ఇదే దారి, అక్కడి నుంచి విడిపోతుంది. 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్క్ దాకా సుమారు నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచారు, అంతకుముందు శివరాంపల్లి దగ్గర నిలబడిపోయే బండ్లు ఇప్పుడు పైనుంచి వెళ్లిపోతున్నాయి. ఆ వైపు వెళ్లేవాళ్లకి చాలా మేలు జరిగింది.

రెండోది ఔటర్ రింగ్ రోడ్డు. శంషాబాద్‌లో ఎక్కితే గచ్చిబౌలి వైపు దిగడం. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కొండాపూర్, మాదాపూర్, మియాపూర్, కూకట్‌పల్లి, అంటే మీ చెల్లెలి ఇల్లు కూడా ఈ దారే. టోల్ ఉంటుంది కానీ సిగ్నల్ అనేదే ఉండదు. గచ్చిబౌలి దాకా సుమారు 30 కిలోమీటర్లు, అరగంట నుంచి నలభై నిమిషాలు. అసలు ఇబ్బంది ఔటర్ దిగాక మొదలయ్యేది, గచ్చిబౌలి జంక్షన్ దగ్గర. 2025 జూన్‌లో ఔటర్ వైపు నుంచి కొండాపూర్ వైపు పీజేఆర్ ఫ్లైఓవర్ తెరిచాక కొత్తగూడ మీదుగా జేఎన్‌టీయూ, కూకట్‌పల్లి వెళ్లేవాళ్లకి ఆ బాధ కొంత తగ్గింది. కొంతమంది డ్రైవర్లు టోల్ మిగులుతుందని మెహదీపట్నం, అమీర్‌పేట మీదుగా కూకట్‌పల్లి తీసుకెళ్తారు. అర్ధరాత్రి అయితే ఏ దారైనా పెద్ద తేడా రాదు, పగలు మాత్రం ఒప్పుకోకండి, ఎర్రగడ్డ, మూసాపేట దగ్గరే అలసిపోతారు.

మూడోది తూర్పు వైపు, పహాడీషరీఫ్ మీదుగా ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్ వెళ్లే దారి. ఈ దారి గురించి బయటి ఊళ్లవాళ్లకి తెలిసింది తక్కువ. వరంగల్, విజయవాడ వైపు పోయేవాళ్లకి ఇదే ముఖ్యం, కింద మళ్లీ చెప్తాను.

ఇప్పుడు బస్సు. టీజీఎస్ఆర్టీసీ వాళ్ల పుష్పక్ బస్సులు ఎయిర్‌పోర్ట్ నుంచి సరిగ్గా ఈ మూడు వైపులకీ వెళ్తాయి: మెహదీపట్నం మీదుగా సికింద్రాబాద్ వైపు, ఎల్బీనగర్, ఉప్పల్ మీదుగా ఒకటి, గచ్చిబౌలి మీదుగా జేఎన్‌టీయూ, మియాపూర్ వైపు ఒకటి. ఏసీ బస్సులు, 2019 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు తెచ్చారు, శుభ్రంగా ఉంటాయి, లోపల సామాను పెట్టుకోవడానికి ర్యాకులు ఉంటాయి. ఛార్జీ క్యాబ్‌తో పోలిస్తే చాలా తక్కువ, దూరాన్నిబట్టి మూడో వంతో నాలుగో వంతో అవుతుంది. ఒక్క మనిషి, ఒక పెట్టె, ఒక బ్యాగు అయితే పగటిపూట నేను ఎవరికైనా ముందు పుష్పకే చెప్తాను, మా బుకింగ్ పోయినా సరే. ఉద్యోగం ఇంటర్వ్యూలకి వచ్చే పిల్లలు, వారం వారం బెంగళూరు తిరిగేవాళ్లు దీన్ని బాగా వాడుకుంటున్నారు.

ఎక్కేముందు చూసుకోవాల్సింది బోర్డు మీద చివరి స్టాపు పేరొక్కటే కాదు, ఏ దారిన వెళ్తుందో కూడా. సికింద్రాబాద్ వైపు బస్సు మెహదీపట్నం మీదుగానూ ఉంటుంది, ఉప్పల్ మీదుగానూ ఉంటుంది. తార్నాకలో ఇల్లు పెట్టుకుని మెహదీపట్నం బస్సెక్కితే ఊరంతా చుట్టి రావాలి. కండక్టర్‌నో డ్రైవర్‌నో "ఉప్పల్ మీదుగానేనా" అని ఒక్కసారి అడిగితే సరిపోతుంది. ఇంకోటి, ఆడవాళ్లకి ఇచ్చిన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం పుష్పక్‌లో చెల్లదు. 2023 డిసెంబర్‌లో మొదలైన ఆ పథకం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకే, ఏసీ బస్సులకి కాదు. ఆధార్ కార్డు చూపించి టికెట్ ఎందుకు అని వాదించే పెద్దవాళ్లని చూశాను, పాపం వాళ్ల తప్పు కాదు, ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది.

పుష్పక్, మెట్రో కలిపి వాడుకోవడం చాలామందికి తట్టదు. ఎల్బీనగర్‌లో దిగితే ఎర్ర లైను మీద దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, కోఠి, నాంపల్లి, అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్ అన్నీ ఒకే రైల్లో. ఉప్పల్‌లో దిగితే నీలం లైను. సాయంత్రం రద్దీలో అబిడ్స్ వెళ్లాలంటే మెహదీపట్నం దారిలో క్యాబ్‌లో కూర్చోవడం కన్నా ఇదే నయం, ఎప్పుడు చేరతారో ముందే లెక్క తెలుస్తుంది. కానీ మెట్రో రాత్రి పదకొండు దాటాక ఉండదు, మళ్లీ పొద్దున ఆరుకే. మీ వాళ్లు దిగేది 2.40కి కాబట్టి మీకు ఇది వర్తించదు. నాలుగు పెట్టెలు, ఆ వయసులో ఇద్దరు, పద్దెనిమిది ఇరవై గంటలు ప్రయాణం చేసి వచ్చినవాళ్లు, వాళ్లని బస్సు ఎక్కించి జేఎన్‌టీయూ దగ్గర దింపి అక్కడ మళ్లీ ఆటో వెతుక్కోమనడం న్యాయం కాదు. మీకు క్యాబే.

అయితే ఏ క్యాబ్? ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. అమెరికా నుంచి వచ్చే పెట్టె మామూలుగా 23 కిలోలది, గట్టి షెల్ పెద్ద సైజుది. మీ ఫోన్లో సెడాన్ అని బుక్ చేస్తారు, డిక్కీ పెద్దదే కదా అనుకుంటారు. హైదరాబాద్‌లో తిరిగే సెడాన్ క్యాబుల్లో చాలావాటికి డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటుంది, వెనకసీటుకి ఆనించి అడ్డంగా బిగిస్తారు, దాని మీద ఒక రెక్సిన్ కవరు. మిగిలిన చోటులో ఒక పెద్ద పెట్టె పడుకోబెట్టి, దానిపక్కన హ్యాండ్ లగేజీ దూర్చాలి, రెండో పెద్ద పెట్టె పడితే అదృష్టం. మూడోది ముందు సీట్లో, నాలుగోది అమ్మగారి కాళ్ల దగ్గర. లేదా డ్రైవర్ "ఇది పట్టదు సార్" అని క్యాన్సిల్ చేసుకుని వెళ్లిపోతాడు, అర్ధరాత్రి మూడింటికి వాళ్లు మళ్లీ మొదటికి రావాలి. అందుకని ఇద్దరు మనుషులే కదా అని చూడకండి, పెట్టెల లెక్క చూడండి. నాలుగు పెద్ద పెట్టెలంటే ఎర్టిగా కానీ ఇన్నోవా కానీ, వెనక సీటు మడిచి ఇవ్వాలని ముందే చెప్పి పెట్టుకోవాలి. కొన్ని ఎర్టిగాలు కూడా సీఎన్‌జీవే, సీటు మడిస్తే పెట్టెలు పడతాయి కాబట్టి ఇబ్బంది లేదు. మీదకి కట్టే క్యారియర్ ఉన్న బండి అయినా పరవాలేదు కానీ తాడు, పైన పట్టా ఉన్నాయా అని అడగండి, జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య అయితే తప్పకుండా.

యాప్‌లో అప్పటికప్పుడు బుక్ చేయడమా, ముందే మాట్లాడి పెట్టుకోవడమా అంటే, మీ పరిస్థితిలో ముందే మాట్లాడుకోవడం మంచిది. యాప్ చెడ్డదని కాదు. నేను కూడా ఒంటరిగా వస్తే యాప్‌లోనే వెళ్తాను. కానీ బండి బుక్ చేసేది మీరు అమెరికాలో, ఎక్కేది వాళ్లు ఇక్కడ. ఓటీపీ మీ ఫోన్‌కి వస్తుంది, డ్రైవర్ కాల్ మీకు వస్తుంది, పికప్ పాయింట్ ఏ పిల్లరో వాళ్లకి తెలియదు, మీరు మధ్యలో వాట్సాప్ చేస్తుంటారు, నాన్నగారి ఫోన్‌లో చార్జింగ్ ఉండదు. తప్పనిసరిగా యాపే అయితే "వేరేవాళ్ల కోసం" అనే ఆప్షన్‌లో నాన్నగారి ఇండియా నంబరు ఇవ్వండి. ఆ సిమ్ నెలల తరబడి రీచార్జ్ లేకుండా ఉంటే ఆగిపోయి ఉండొచ్చు, బయల్దేరే ముందు మీ చెల్లెలిచేత రీచార్జ్ చేయించి, పనిచేస్తుందో లేదో తేల్చుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ బయట నిలబడి ఫోన్ మోగకపోతే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు.

స్మార్ట్‌ఫోన్ వాడకం రానివాళ్లకి అరైవల్స్‌లో ప్రీపెయిడ్ ట్యాక్సీ కౌంటర్ ఉంటుంది. ఏరియా పేరు చెప్పి, డబ్బు అక్కడే కట్టి, స్లిప్ తీసుకోవాలి. యాప్ కన్నా కాస్త ఎక్కువ పడొచ్చు, బేరం లేదు, క్యాన్సిల్ లేదు. స్లిప్ మీద బండి నంబరు, ఎక్కిన బండి నంబరు ఒకటేనా చూసుకోమనండి. ఇల్లు చేరాకే స్లిప్ డ్రైవర్ చేతికివ్వాలి, మధ్యలో అడిగినా ఇవ్వక్కర్లేదు.

బండి నంబరు ప్లేటు రంగు కూడా చెప్పి పెట్టండి. కిరాయికి తిరిగే బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి. ఎలక్ట్రిక్ క్యాబ్ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు బండి తెచ్చి "సార్, మనదే ట్రావెల్స్, తక్కువకి దింపుతా" అంటే ఎక్కొద్దు. అది సొంత బండి, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కూడా ఇబ్బందే.

డబ్బుల దగ్గర మూడు గొడవలు మామూలుగా వస్తాయి. మొదటిది టోల్. యాప్ బండిలో టోల్ చాలావరకు బిల్లులోనే కలుస్తుంది, ఫాస్టాగ్ నుంచి కట్ అవుతుంది. దిగాక డ్రైవర్ మళ్లీ చేతికి అడిగితే బిల్లులో టోల్ లైను ఉందో లేదో చూసి ఉంటే ఇవ్వొద్దు, లేకపోతే ఇవ్వడం ధర్మం. ముందే మాట్లాడుకున్న బండి అయితే "టోల్, పార్కింగ్, అర్ధరాత్రి ఛార్జీ, వెయిటింగ్ అన్నీ కలిపేనా" అని మెసేజ్‌లో రాయించుకోండి, ఫోన్లో మాట సరిపోదు. వెయిటింగ్ ముఖ్యం, ఎందుకంటే ఇంటర్నేషనల్ ఫ్లైట్ దిగాక ఇమిగ్రేషన్, బెల్ట్ మీద పెట్టెలు, కస్టమ్స్ అన్నీ అయ్యి బయటికి రావడానికి గంట మామూలే, ఒకేసారి రెండు మూడు ఫ్లైట్లు దిగితే గంటన్నర. కాబట్టి బండి 2.40కి కాదు, 3.30కి రమ్మనండి, ఫ్లైట్ నంబరు ఇవ్వండి, ఆలస్యమైతే డ్రైవరే చూసుకుంటాడు.

రెండోది ఏసీ. 2024 ఎండాకాలంలో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్ల సంఘం, కిలోమీటరుకి కంపెనీలు ఇచ్చేది డీజిల్‌కే చాలడం లేదని, ఏసీ వేయం అని ప్రచారం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏసీకి వేరే అడగడం చాలామందికి అలవాటైంది. బిల్లులో ఉన్న బండికి ఏసీ డబ్బు వేరే కట్టాల్సిన పని లేదు, అది నేను డ్రైవర్ల వైపు ఉండి కూడా చెప్తున్నాను. కానీ ఆ మనిషి ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో క్యూలో గంటలకొద్దీ కూర్చుని ఉంటాడు, ఆ వెయిటింగ్‌కి ఎవరూ పైసా ఇవ్వరు. అంతసేపు కూర్చున్నాక శంషాబాద్ ఊళ్లోకి నాలుగు కిలోమీటర్ల గిరాకీ తగిలితే ఆ రాత్రి పోయినట్టే. "ఎక్కడ డ్రాప్ సార్, క్యాషా ఆన్‌లైనా" అని ఫోన్ చేసి అడిగేది అందుకే. కోపంగా కాకుండా నిదానంగా "కూకట్‌పల్లి అన్నా, బిల్లు ఎంతైతే అంత, యూపీఐ చేస్తాం" అని చెబితే పది మందిలో ఎనిమిది మంది వచ్చేస్తారు. మూడో గొడవ చిల్లర. అమెరికా నుంచి వచ్చేవాళ్ల దగ్గర డాలర్లుంటాయి, రూపాయలుండవు. ఎయిర్‌పోర్ట్‌లో మార్పిడి రేటు బయటికన్నా తక్కువ ఇస్తారు, అవసరమైనంత మాత్రమే మార్చుకోమనండి, లేదా కిరాయి మీ చెల్లెలు యూపీఐలో కట్టేస్తే అయిపోతుంది. కూకట్‌పల్లికి పెద్ద బండి 2000 రూపాయల చుట్టుపక్కల అడుగుతారు, సెడాన్ అయితే వెయ్యికి కొంచెం పైన. రాత్రివేళని, డిమాండ్‌ని బట్టి అటూ ఇటూ అవుతుంది.

రాత్రి ప్రయాణం గురించి భయం వద్దు, జాగ్రత్త చాలు. బండి ఎక్కగానే నంబరు ప్లేటు ఫోటో మీకు పంపమనండి, లొకేషన్ షేర్ చేయించండి. తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో టీ-సేఫ్ అనే సేవ తెచ్చారు, ముఖ్యంగా ఆడవాళ్ల ప్రయాణాన్ని కనిపెట్టి ఉండడానికి. ఒంటరిగా దిగే ఆడపిల్లలు అది ముందే ఫోన్లో పెట్టుకోవడం మంచిది. దొంగల కన్నా నాకు ఎక్కువ భయం డ్రైవర్ నిద్ర. ఔటర్ మీద లోపలి లేన్లలో 120 దాకా వెళ్లనిస్తారు, ఖాళీ రోడ్డు, పసుపు లైట్లు, రాత్రి మూడున్నర. డ్రైవర్ మాటిమాటికీ మెడ తిప్పుతున్నా, కిటికీ అద్దం దించుతున్నా నిద్ర వస్తున్నట్టు లెక్క. నాన్నగారిని ముందు సీట్లో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుతూ ఉండమనండి. "బాబూ, టీ తాగుదాం ఆపు" అని ఔటర్ ఎక్కకముందే శంషాబాద్‌లో ఆపిస్తే మరీ మంచిది. వెనక సీట్లో అమ్మగారు కూడా బెల్టు పెట్టుకోవాలి.

కొన్ని రాత్రులు దారులు మూసేస్తారు. డిసెంబర్ 31 రాత్రి, ముస్లింలు రాత్రంతా మేలుకుని ప్రార్థనలు చేసే జాగ్‌నే కీ రాత్ లాంటి రోజుల్లో పోలీసులు ఫ్లైఓవర్లు మూసేస్తుంటారు, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి విమానం టికెట్ ఉన్నవాళ్లనే వదులుతారు. ఆ రాత్రుల్లో దిగితే బోర్డింగ్ పాస్ చించి పారేయకుండా చేతిలో ఉంచుకోమనండి. ఇంకో విషయం, బైక్ ట్యాక్సీలు చూసి కుర్రాళ్లు ముచ్చటపడతారు కానీ టూవీలర్లకి ఔటర్ మీదికీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ అనుమతి లేదు, కింద రోడ్డునే పోవాలి. వీపున బ్యాగు ఒక్కటే ఉండి అత్తాపూర్ దాకా అయితే సరే.

ఇప్పుడు విజయవాడ. రెండు రోజులు ఆగకుండా దిగినవెంటనే వెళ్లేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి సిటీలోని పెద్ద బస్‌స్టాండ్ ఎంజీబీఎస్‌కి వెళ్లి బస్సెక్కడం చాలామందికి పాత అలవాటు, అది అనవసరం. విజయవాడ బస్సులు ఎంజీబీఎస్‌లో బయల్దేరినా, మియాపూర్, కూకట్‌పల్లి నుంచి సిటీలోంచి వచ్చినా దాదాపు అన్నీ ఎల్బీనగర్ మీదుగానే పోతాయి. పుష్పక్‌లో ఎల్బీనగర్ దిగి అక్కడ బోర్డింగ్ పాయింట్ పెట్టుకుంటే చాలు. మీ వాళ్లు కూకట్‌పల్లిలో ఉంటారు కాబట్టి వాళ్లకి కేపీహెచ్‌బీ దగ్గరే బస్సు దొరుకుతుంది, మళ్లీ ఎక్కడికీ పోనక్కర్లేదు. వరంగల్ వెళ్లేవాళ్లు ఉప్పల్ దాకా పుష్పక్, అక్కడి నుంచి బస్సు. కరీంనగర్, నిజామాబాద్ అయితే సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్‌స్టేషన్, అంటే జేబీఎస్. కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ వాళ్లు అసలు సిటీలోకే రాకండి, ఆ బస్సులు బెంగళూరు హైవే మీదనే పోతాయి, ఆరాంఘర్‌లోనో శంషాబాద్‌లోనో ఎక్కొచ్చు.

రైలు టికెట్ ఉన్నవాళ్లు స్టేషన్ పేరు రెండుసార్లు చదవండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక, సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల చాలా రైళ్లు అటు మారాయి. చర్లపల్లి ఊరికి ఈశాన్యాన ఉంది, ఎయిర్‌పోర్ట్ నుంచి ఔటర్ మీదుగా ఘట్‌కేసర్ వైపు వెళ్లడం సుఖం, సికింద్రాబాద్ వెళ్లి అక్కడి నుంచి పరిగెత్తడం కాదు. ఫ్లైట్ దిగే సమయానికి, రైలు బయల్దేరే సమయానికి మధ్య నాలుగు గంటలైనా ఉండాలి.

విజయవాడకి కారులో వెళ్లాలనుకుంటే ఎయిర్‌పోర్ట్ నుంచి ఔటర్ మీదుగా పెద్దఅంబర్‌పేట దగ్గర దిగితే హైవే ఎక్కేస్తారు, సిటీ తగలదు, ఐదు గంటలు పైనే పడుతుంది. కానీ అంత దూరం విమానంలో వచ్చినవాళ్లని అదే రాత్రి, రోజంతా బండి నడిపిన డ్రైవర్‌తో పంపొద్దు. మీరు రెండు రోజులు ఆపాలనుకోవడం మంచి పని. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులైతే మాత్రం పంతంగి టోల్ గేట్ దగ్గర వరసలు చూసే ఉంటారు, అప్పుడు కారు కన్నా ముందే బుక్ చేసిన రైలే నయం.

చివరగా, బండి బుక్ చేసేటప్పుడు తేదీ చూసుకోండి. తెల్లవారుజామున 2.40కి దిగే ఫ్లైట్‌కి ఎంతమంది ఒక రోజు ఆలస్యంగా బండి చెప్పారో నాకు లెక్కలేదు. ఉదాహరణకి టికెట్ మీద ఇండియాలో దిగేది 15వ తేదీ 2.40 అని ఉంటే, మన లెక్కలో అది 14వ తేదీ రాత్రి. "14 రాత్రి తెల్లారితే 15, రెండూ నలభై" అని డ్రైవర్‌కి ఇలాగే చెప్పి, తిరిగి అతనిచేత చెప్పించుకోండి. ఫ్లైట్ నంబరు, పెట్టెల లెక్క, నాన్నగారి ఇండియా నంబరు, మీ చెల్లెలి నంబరు, ఇంటి దగ్గర గుర్తు, ఈ ఐదూ ఒకే మెసేజ్‌లో పంపించండి. అదే మెసేజ్ తెలుగులో కాగితం మీద రాసి అమ్మగారి హ్యాండ్‌బ్యాగ్‌లో పాస్‌పోర్టు పక్కన పెట్టండి, ఫోన్ ఆగిపోయినా పని ఆగదు.